తర్జుమాలో సార్ వదిలేసిన మాటలు

వరప్రసాదం సార్ తర్జుమా చేస్తే ఎలా ఉండేదంటే, ఇంగ్లీషులో ప్రసంగించే ఆ మిషనరీ దొరలకే తెలుగు వచ్చి ఉంటే, మేం ఇంత బాగా మాట్లాడామా అని వాళ్ళే ఆశ్చర్యపోయేవాళ్ళు. ఈ మాట నేను మెచ్చుకోలుగా చెబుతున్నానో, ఎత్తిపొడుపుగా చెబుతున్నానో నాకే సరిగా తెలియదు. రెండూ ఉన్నాయి. ఆయన నాకు మూడేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు. ఆయనంటే నాకు ప్రేమ, ఆ ప్రేమలో సగం కోపం.

సార్ వాళ్ళ నాయన ఉదయగిరిలో మిషన్ బంగళాకు కాపలా మనిషి. బంగళా వరండాలో ఆడుకుంటూ సార్ ముందు చెవులతో ఇంగ్లీషు నేర్చుకున్నాడు, పుస్తకాలతో తర్వాత. పాతికేళ్ళ వయసులో హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. అదే ఏడు ఆత్మకూరులో జరిగిన క్రైస్తవ వార్షిక సభల్లో, తర్జుమా చేయాల్సిన పెద్దాయనకు జ్వరం వస్తే, సార్‌ను వేదిక ఎక్కించారు. ఆ ఎక్కడం ఎక్కడం ఇరవై ఏళ్ళు దిగలేదు. ఏ దొర వచ్చినా పక్కన వరప్రసాదం సార్ ఉండాల్సిందే. దొర ఒక వాక్యం చెప్పి ఆగేవాడు, సార్ దాన్ని తెలుగులో చెప్పేవాడు. జనం దొరను ఒక్కసారి చూసి, మిగతా గంటంతా సార్‌నే చూసేవాళ్ళు.

ఆయన పద్ధతి ఒకటుండేది. దొర మంచు గడ్డకట్టిన చెరువు మీద పిల్లలు జారుతూ ఆడుకోవడం గురించి చెబితే, సార్ అది సంగం దగ్గర పెన్న వరదలో అవతలి ఒడ్డుకు ఈదడంగా మార్చేవాడు. ఆపిల్ తోట నిమ్మతోట అయ్యేది. అక్కడి ఆటల గురించి దొర అయిదు నిమిషాలు చెబితే, సార్ దాన్ని రెండు ముక్కల్లో కబడ్డీ చేసి పారేసేవాడు. దొర తడబడినచోట సార్ తడబడేవాడు కాదు. దొర చప్పగా చెప్పినచోట సార్ ఉప్పూకారం వేసేవాడు. క్లాసులో ఒకసారి నేను లేచి, తర్జుమా అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా అని అడిగాను. దొర మాట దొరకు తెలుసు, మన జనం నాకు తెలుసు అన్నాడు సార్. నన్ను కూర్చోమన్నాడు.

తర్వాత దొరల రాక తగ్గింది, ఆపైన ఆగిపోయింది. సభలు జరుగుతూనే ఉన్నాయి కానీ ఇప్పుడు మాట్లాడేవాళ్ళంతా తెలుగువాళ్ళే. తర్జుమా మనిషితో ఎవరికీ పనిలేదు. సార్ రిటైరయ్యాడు. మా ఉదయగిరి చర్చి సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఆయన భార్య కరోనా ఏడు పోయింది. కూతురు కావలిలో ఉంటుంది. సార్ ఉదయం లేచి ఇంగ్లీషు పేపరు చదివి, అందులో నచ్చిన ముక్కను తెలుగులో చెబుదామని చూస్తే ఇంట్లో వినేవాళ్ళు లేరు. ప్రతి క్రిస్మస్‌కూ అమెరికాలోని పాత చిరునామాలకు ఉత్తరాలు రాసేవాడు. కొన్ని తిరిగి వచ్చేవి, ఎక్కువ భాగం అటే పోయేవి.

ఒక్కసారి మాత్రం పోలేదు. చాలా ఏళ్ళ కింద ఒక పెద్ద తుపాను తర్వాత సార్ రాసిన ఉత్తరానికి, మేం పేరు కూడా వినని ఒక ముసలామె దగ్గర నుంచి నిజంగానే చెక్కు వచ్చింది. మా చర్చిలో బెంచీలు ఆ డబ్బుతో చేయించినవే. అందుకని, అమెరికా నుంచి ఊరకే డబ్బు వస్తుందంటే మరొక చోట జనం నవ్వుతారేమో గానీ మా వాళ్ళు నవ్వరు. మా తాతల చదువూ, మా అవ్వల మందులూ అట్లా వచ్చినవే. మా వాళ్ళను అమాయకులు అనే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నాకు ఆత్మకూరు బస్టాండు దగ్గర జిరాక్సు షాపు ఉంది. జిరాక్సులు, ప్రింట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు. వారమంతా అక్కడ, శనివారం మధ్యాహ్నం షాపు మూసి ఉదయగిరి బస్సెక్కుతాను. సార్‌కు ఈమెయిల్ తెరిచి ఇచ్చింది నేనే. ఫోనులో అక్షరాలు ఆయనకు ఆనవు. నెలకోసారి బీపీ మందుల కోసం ఆత్మకూరు వచ్చినప్పుడు నా షాపుకొచ్చి, వచ్చిన మెయిళ్ళు ప్రింటు తీయించుకుని, జవాబులు తానే రెండు వేళ్ళతో కొట్టుకుని పోయేవాడు. వచ్చేవన్నీ బట్టల కంపెనీల ప్రకటనలే. వాటిని కూడా శ్రద్ధగా చదివేవాడు.

నిరుడు జూలైలో ఆ ఉత్తరం వచ్చింది. రాసింది ఎవరో మిసెస్ ఎలినార్ అట. భర్త పోయాడు, పిల్లలు లేరు, తనకు క్యాన్సర్, డాక్టర్లు మూడు నెలలు గడువిచ్చారు. భర్త దాచిన నలభై అయిదు లక్షల డాలర్లను దేవుని పనికి ఇవ్వాలని ఆమె కోరిక. లాయరుకు రాస్తే మిగతా సంగతులు ఆయన చూసుకుంటాడు.

ఇలాంటివి నా షాపుకు నెలకు నాలుగైనా వస్తాయి. లాటరీ తగిలిందని ఒకటి, ఎవరో దూరపు చుట్టం వారసులు లేకుండా పోయాడని ఒకటి, కస్టమ్స్‌లో పార్శిల్ ఆగిందని ఒకటి. మనుషులు మారతారు గానీ కథ ఒకటే. మనం అడగని డబ్బు, మనకు తెలియని మనిషి, మనం పడాల్సిన తొందర. ఆ ఉత్తరం పంపిన ఈమెయిల్ చిరునామా చూస్తే ఎవరైనా రెండు నిమిషాల్లో ఉచితంగా తెరుచుకునే రకం. లాయరుదీ అదే రకం. లాయరు ఆఫీసుకు సొంత చిరునామా లేకపోవడమేమిటి? సార్‌తో ఆ మాటే అన్నాను. ఇది మోసం సార్, తీసేస్తాను అన్నాను.

సార్ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. షాపులో అప్పుడు నలుగురు కాలేజీ పిల్లలు ఉన్నారు.

"టెన్తులో నీకు ఇంగ్లీషులో ఎన్ని మార్కులు సుకుమారీ?"

"ముప్పై ఆరు సార్."

"పాసుకు ఒకటి ఎక్కువ. ప్రింటు తియ్యి."

పిల్లలు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నలభై నాలుగేళ్ళ మనిషిని, ఇద్దరికి జీతమిచ్చి షాపు నడుపుతున్నదాన్ని. ఆ పూట నేను ప్రింటు తీశాను. రెండు పేజీలకు నాలుగు రూపాయలు తీసుకున్నాను కూడా. మామూలుగా ఆయన దగ్గర తీసుకోను. ఆయన మూల కంప్యూటర్ ముందు కూర్చుని జవాబు కొడుతుంటే నేను అటు తల తిప్పలేదు. మునిగితే మునగనీ, అప్పుడు గుర్తుకొస్తాను అనుకున్నాను. ఆ మాట మనసులోకి వచ్చిన సంగతి ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ జూలై, ఆగస్టు నెలల్లో సార్ నా షాపుకు నాలుగుసార్లు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, పెన్ను జేబులో పెట్టుకుని, వేదిక ఎక్కే రోజుల్లో వచ్చినట్టు వచ్చేవాడు. నేను నోరు మెదపలేదు. ప్రింటు తీయడం, డబ్బు తీసుకోవడం.

ఇక ఉదయగిరిలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. సార్ ఆ ఉత్తరాన్ని సంఘ కమిటీ ముందు చదివాడు. చదవడమంటే ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం, పాత పద్ధతిలో. చదువుతుంటే ఇద్దరు కంటతడి పెట్టారట. అమెరికాలో ఒక భక్తురాలు, ఆమె భర్త మన నెల్లూరు జిల్లాలో దేవుని పని చేసినవాళ్ళ కుటుంబీకుడు, చనిపోయే ముందు మన సంఘాన్ని గుర్తు చేసుకుంటోంది అని వాళ్ళకు అర్థమైంది. లాయరు అడిగిన మొదటి ఫీజు పద్దెనిమిది వేల అయిదు వందలు సార్ తన పింఛనులోంచే పంపాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆదివారం ఆరాధనలో లేచి, ఇది దేవుడు మనకు చేసిన మేలని సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా ఆమె ఆరోగ్యం కోసం ప్రార్థన చేసింది. లేని మనిషి కోసం.

ఆగస్టు చివర్లో రెండో ఫీజు అడిగారు. ఏదో క్లియరెన్సు సర్టిఫికెట్టు అట, ఎనభై ఆరు వేలు. అంత డబ్బు మా సంఘంలో ఒక్క చోటే ఉంది. అది స్త్రీల సమాజం వాళ్ళ గుప్పెడు బియ్యం డబ్బు.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పూటపూటా అంతే. శనివారం శీనమ్మత్త ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసి, అంగట్లో అమ్మి, ఆ డబ్బు బ్యాంకులో వేస్తుంది. ఆమెకు డెబ్బై అయిదేళ్ళు. చర్చి పైకప్పు వాన పడితే కారుతుంది. దాన్ని మార్పించాలని ఏడేళ్ళుగా పోగుచేస్తే ఎనభై ఏడు వేలు అయింది. కూలికి పోయే ఇళ్ళలో, ఒక్కో పూట చాలీచాలకుండా వండుకున్న ఇళ్ళలో తీసిన గుప్పెళ్ళవి. సోమవారం ఆ డబ్బు తీసి పంపాలని కమిటీ తీర్మానం చేసింది. శీనమ్మత్త సరేనంది. సార్‌ను ఆమె అయ్యోరు అంటుంది. అయ్యోరు చెప్పినాక ఇంకేముంది అంది.

అయితే ఆమెకు ఒక ఇబ్బంది వచ్చింది. ఆ డబ్బు ఎందుకు తీస్తున్నారో నలభై ఇళ్ళకూ ఆమే చెప్పాలి. శీనమ్మత్తకు అక్షరం రాదు. కానీ బైబిలు వాక్యాలు, కీర్తనలు గంటసేపు ఆగకుండా చెప్పగలదు. చిన్నప్పుడు ఒక పాస్టరమ్మ నేర్పిందట. ఆమె ఒక ముక్క చెప్పేది, ఈమె అదే ముక్క పలికేది. అట్లా నేర్చుకున్నదానిలో ఒక్క మాట అటూఇటూ కాదు. పైగా ఆమెకు ఒక దెబ్బ తగిలి ఉంది. ఒకసారి బియ్యం డబ్బు చర్చికి గంట కొనడానికని ఇంటింటా చెప్పింది, తీరా చూస్తే కమిటీ మైకుసెట్టు కొనింది. ఆడవాళ్ళు మూడు నెలలు ఆమెతో సరిగా మాట్లాడలేదు. అప్పటి నుంచి ఏ సంగతైనా ముక్కకు ముక్క పట్టుకుని గానీ ఇల్లు కదలదు.

ఆ శనివారం సాయంత్రం నేను ఉదయగిరి వెళ్ళేసరికి ఇద్దరూ చర్చి వరండాలో కూర్చుని ఉన్నారు. నా చేతిలో లాయరు పంపిన కొత్త ఉత్తరం ప్రింటు ఉంది. సార్ ఫోను చేసి తెమ్మన్నాడు. ఇచ్చేసి ఇంటికి పోదామనుకున్నాను. ఎనభై ఆరు వేల సంగతి, అది బియ్యం డబ్బన్న సంగతి అప్పుడే, అక్కడే విన్నాను. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఈలోగా శీనమ్మత్త మొదలుపెట్టింది.

"నువ్వు ఒక ముక్క చెప్పు, నేనొక ముక్క పలుకుతా. ఆ కాయితంలో ఎంత ఉండాదో అంతే చెప్పు. నీది కలపబాక అయ్యోరా."

సార్ నవ్వి, నేను తెచ్చింది పక్కన పెట్టి, కమిటీకి చదివిన పాత ఉత్తరాలు తీసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. అలవాటుగా మొదటి వాక్యమే పొడుగైంది. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది. అంత పొడుగు నాకు పట్టదు, కాయితంలో అంత ఉందా అని అడిగింది. లేదన్నాడు సార్. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి ఒక్కొక్క ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టుకుంటూ.

ఉత్తరంలో మొదటి మాట లబ్ధిదారునికి అని. అంటే ఎవరని ఆమె అడిగింది. డబ్బు తీసుకునేవాడని సార్ చెప్పాడు. నీ పేరు రాయలేదా అంది. లేదన్నాడు. మన సంఘం పేరు? అదీ లేదు. ఆమె తల ఊపి, డబ్బు తీసుకునేవాడికి అని పలికింది. నా భర్త ఆసియాలో పేదలను ప్రేమించాడు అని సార్ చెప్పాడు. నెల్లూరు జిల్లా అన్నావే మొన్న అందామె. నెల్లూరు ఆసియాలోనే ఉందని సార్ అన్నాడు. నెల్లూరని రాసి ఉందా అంది. ఆమె అనుమానంతో అడగలేదు. ఏం పలకాలో తేల్చుకోవడానికి అడిగింది. సార్ కాసేపు కాగితం చూశాడు. లేదు, ఆసియా అనే ఉంది అన్నాడు. ఆసియా అని పలికింది శీనమ్మత్త.

అట్లా ఎలినార్ ఉత్తరం అయిపోయింది. తర్వాతది ఫీజు అడుగుతూ లాయరు రాసిన ఉత్తరం. అక్కడ సార్ వేలు నెమ్మదించింది. గొంతు తగ్గింది. ఆమె మాత్రం బియ్యం అడుగుతూ వీధిలో కేకవేసే గొంతుతోనే పలుకుతోంది. మూడు రోజుల్లో పంపకపోతే ఈ డబ్బు ఇంకొకరికి పోతుంది అని పలికింది. ఫీజు ఫలానా మనిషి సొంత ఖాతాలో వేయాలి అని పలికింది. తర్వాతి ముక్క సార్ చెప్పాడు, ఆమె పలికింది, అక్కడ సార్ ఆగిపోయాడు. కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకొక తూరి చెప్పక్కా."

శీనమ్మత్త అదే గొంతుతో మళ్ళీ చెప్పింది.

"ఈ సంగతి నీ ఇంట్లో వాళ్ళకు చెప్పబాక. నీ సంఘానికి చెప్పబాక. బ్యాంకు వాళ్ళు అడిగితే ఇల్లు కట్టుకునేదానికని చెప్పు."

సార్ ఆ ఉత్తరాలన్నీ పది పదిహేనుసార్లు చదివి ఉంటాడు. కానీ చదివింది ఇంగ్లీషులో, విన్నది తన తెలుగులో. కమిటీకి ఆయన చెప్పింది ఏమిటో నేను తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఎవరికీ చెప్పవద్దు అన్నదాన్ని, పని ముగిసేదాకా మౌనంగా ప్రార్థించమంది అన్నాడట. బ్యాంకుకు అబద్ధం చెప్పమన్నదాన్ని, బ్యాంకు పనులు నేను చూసుకుంటాను అని సొంతంగా సర్దాడట. గడువు గురించి చెప్పింది, ఆమె ఆరోగ్యం బాగాలేదు కాబట్టి త్వరపడదాం అని. అబద్ధమాడాలని కాదు. దొర తడబడితే నిలబెట్టడం ఆయనకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ ఉత్తరం ఎక్కడెక్కడ కంపు కొట్టిందో అక్కడక్కడల్లా సార్ అత్తరు పూసి, ముందు తానే వాసన చూసుకున్నాడు. తా మునిగింది గంగ అన్నట్టయింది.

"అక్షరం రాని మనిషి నోట విన్నాక గానీ నాకు వినిపించలా," అన్నాడు సార్. ఎవరితో అన్నాడో తెలియదు.

అప్పుడు నేను నోరు తెరిచాను. కోట్లు ఇచ్చే మనిషి ఆ ఎనభై ఆరు వేలు ఆ కోట్లలోంచే మినహాయించుకోవచ్చు కదా అన్నాను. మన దగ్గర ఎంత ఉందని వాళ్ళు ఎప్పుడైనా అడిగారా అన్నాను. సార్ తలూపాడు. అడిగారు, మా స్త్రీల దగ్గర ఎనభై ఏడు వేలు ఉందని రాశాను అన్నాడు. అంటే ఉన్నదెంతో కనుక్కుని, దానికి సరిపడా ఫీజు వేశారు. వెయ్యి రూపాయలు దయతలచి వదిలేశారు. ఇంకో సంగతి, సంఘాలు విదేశాల నుంచి డబ్బు తీసుకోవాలంటే ఢిల్లీ నుంచి అనుమతి, దానికి వేరే ఖాతా ఉండాలని నా షాపుకొచ్చే పాస్టర్ల కాగితాల్లో చూశాను. ఎవరి సొంత ఖాతాలోనో వేసుకునేది కాదు. అదీ చెప్పాను. అన్నీ గడగడా చెప్పాను, రెండు నెలలు బిగబట్టుకున్నవి.

ముందే ఎందుకు చెప్పలేదని సార్ నన్ను అడగలేదు. పద్దెనిమిది వేల అయిదు వందల సంగతి అప్పుడే బయటపెట్టాడు. శీనమ్మత్త తిట్టలేదు, అయ్యో అనలేదు. పాసుపుస్తకం సంచిలో పెట్టుకుని, సోమవారం డబ్బు తీస్తున్నామన్న ఒక్క ముక్క ఇప్పటికే బియ్యానికి పోయిన పదకొండు ఇళ్ళలో చెప్పేశానని మాత్రం అంది.

నేను అక్కడి నుంచే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశాను. డబ్బు పోయిన గంటల్లో చేస్తే ఆపగలిగేవాళ్ళమని, ఇప్పుడు అయిదు వారాలైంది కాబట్టి నమ్మకంగా చెప్పలేమని వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఫిర్యాదు రాసుకున్నారు. మామూలుగా ఇలాంటివాటిలో డబ్బు పోయినవాళ్ళు తేలుకుట్టిన దొంగల్లా ఉండిపోతారు, ఫోనే చేయరు. సార్ వివరాలన్నీ తానే చెప్పాడు, తేదీలతో సహా. లాయరుకు జవాబు రాయవద్దని, ఆధార్ కాపీ పంపి ఉంటే బ్యాంకులో చెప్పమని వాళ్ళు అన్నారు. ఆధార్ కాపీ పంపాడు. జిరాక్సు తీసింది నేనే.

రాత్రికి పాస్టరు గారికి తెలిసింది. ఆయన మంచి మనిషి. అమెరికా పని ఆలస్యమవుతోందని ఒక ప్రకటన చేసి ఊరుకుందాం, నాలుగు నెలల్లో అందరూ మరిచిపోతారు, పెద్దవయసులో మాస్టారికి తలవంపులెందుకు అన్నాడట. బియ్యం డబ్బు ఎటూ పోలేదు కదా. నాకూ అదే బాగుందనిపించింది. నా సంగతీ అందులో కప్పబడిపోతుంది కాబట్టి ఇంకా బాగుందనిపించింది. సార్ ఒప్పుకోలేదు. సాక్ష్యం నిలబడి చెప్పాను, ఇదీ నిలబడే చెబుతాను అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల సమయంలో సార్ ముందుకు వెళ్ళాడు. మైకు తీసుకోలేదు. ఉత్తరం తెరిచి, ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం చదివాడు. ఈసారి తెలుగు చప్పగా, ఎండుగా ఉంది. అదేం తర్జుమా అనిపించేటట్టు ఉంది. ప్రతి వాక్యానికీ ఆగి, మొన్న మీకు దీన్ని ఇట్లా చెప్పినాను, ఇందులో ఉన్నది ఇది అని చెప్పాడు. తన డబ్బు ఎంత పోయిందో చెప్పాడు. గుప్పెడు బియ్యం డబ్బు పోకుండా ఆపింది శీనమ్మక్క అని చెప్పాడు. నేను కార్యదర్శిగా ఉండను, వేరే మనిషిని చూసుకోండి అన్నాడు. ఇలాంటివి మీ ఫోన్లకూ వస్తాయి, నాలాగా మంచిగా చేసుకుని చదవొద్దు, ఎవరిచేతనైనా ఉన్నదున్నట్టు చదివించుకుని వినండి అన్నాడు.

సార్ కాగితం మడుస్తుంటే మగవాళ్ళ వైపు నుంచి కొండయ్య లేచాడు. ఆయన తాపీమేస్త్రీ, డెబ్బై దాటాయి. చర్చిలో పాట తప్ప ఆయన నోరు తెరవగా నేను చూడలేదు.

"అయ్యోరా, ఒకటి అడగాల. మస్తానమ్మను కొట్టి ఇంట్లోంచి ఎళ్ళగొట్టిన ఏడు నేను ఆత్మకూరు సభలకు వచ్చినా. అలిగిపోయిన మనిషి కోసం కబురు పంపబాకండి, మీరే పోండి, గుమ్మం బయట నిలబడి పిలవండి అని దొర చెప్పినాడు. నేను మర్నాడే అనుమసముద్రంపేటలో ఆమె పుట్టింటికి పోయి, వాళ్ళ గుమ్మం బయట నిలబడినా. ఆ మాట దొర చెప్పినాడా, నువ్వు చెప్పినావా?"

ఆయన భార్య మస్తానమ్మ ఆడవాళ్ళ వైపు నాలుగో వరసలో ఉంది. అందరం ఆమె వైపు చూశాం. ఆమె సార్ వైపు చూస్తోంది.

దొరే చెప్పాడు అని సార్ అనేసి ఉంటే సరిపోయేది. నలభై ఏళ్ళ నాటి మాట, ఆ దొర ఎప్పుడో పోయాడు, అడిగేవాళ్ళు లేరు. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దొర చెప్పలేదు కొండయ్యా. ఆయన తప్పిపోయిన తన కుక్కను తానే ఎతుక్కున్న కథ చెప్పినాడు. ముందు వరసలో నువ్వు ఏడుస్తా కూర్చోనుండావు. కుక్క కథ నీకెందుకని నేనే మార్చినా."

ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. కొండయ్య నవ్వలేదు.

"మంచి పని చేసినావు. నువ్వు ఆ పొద్దు నా మొకం చూసి చెప్పినావు. ఈ కాయితం చదివేటప్పుడు నీ మొకం చూసేదానికి ఎవరూ లేకపోయినారు, అదే వచ్చింది చిక్కు."

ఆయన కూర్చున్నాడు. సార్ ముఖాన్ని నాలుగుసార్లు కౌంటరు ఇవతల నుంచి చూసినదాన్ని నేను. ఇస్త్రీ చొక్కా చూశాను, ఆ ఆశ చూశాను, ప్రింటుకు డబ్బు తీసుకున్నాను. నేను లేచి సార్ పక్కకు వెళ్ళి నిలబడి, ఇది మోసమని నాకు మొదటి రోజే తెలుసునని సంఘానికి చెప్పాను.